కట్టుగుడ్డల కారు

చిన్నత్త కోయంబత్తూరు నుంచి రాజపాళయంలో మా ఇంటికి వచ్చిన రోజునే నా కారుకు పిచ్చి పట్టింది. డ్రైవరు వైపు అద్దం జర్రున కిందికి దిగి, ఇక పైకి రానంది. తలుపుల తాళాలు వాటంతట అవే టక్కున పడుతున్నాయి, టక్కున లేస్తున్నాయి. లోపల కనపడని మనిషి ఎవరో కూర్చుని, దిగుదామా వద్దా అని తేల్చుకోలేకపోతున్నట్టు. స్టీరింగు వెనక రెండు పసుపు బొమ్మలు వెలిగాయి. వాటిలో ఒకటి అచ్చం కాఫీ కూజాలా ఉంది. మెకానిక్కుకు ఫోన్ చేస్తే, "బాటరీ అయి ఉండొచ్చు, ఎర్త్ అయి ఉండొచ్చు, ఎలుక అయి ఉండొచ్చు మేడం" అన్నాడు. జాతకం చెప్పేవాళ్ళు కూడా ఇంత జాగ్రత్తగా మాట్లాడరు. ఆ కారు నేను బ్యాంకు ఉద్యోగంలో ఉండగా కొన్నది. నేను రిటైరయ్యాను, దాన్ని కానివ్వలేదు. అదే దాని కోపం అనుకుంటాను. పై రంగు ఇద్దరికీ పర్వాలేదు. లోపలే, నాకు నరాలు, దానికి వైర్లు.

ఆటో దిగిన చిన్నత్త ఇంట్లోకి రాలేదు. సంచి గడప దగ్గర పెట్టి, నేరుగా కారు దగ్గరికి పోయి, జ్వరం చూసినట్టు బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. చిన్నత్త అంటే మా నాయన చెల్లెలు, ఆర్. ఆండాళ్, రిటైర్డ్ టీచరు. వయసు చెప్పదు, ఎనభైకి ఇవతలే అని మాత్రం ఒప్పుకుంటుంది.

"ఎర్త్ పట్టలేదే దీనికి," అంది.

"లోపలికి రా అత్తా. కాఫీ తాగి చూద్దువు."

"కాఫీ యాడికి పోతుంది? నీ బీపీ ఎట్లుంది?"

"మాత్ర మార్చినారు."

"మాత్ర కాదే కుట్టీ. నీకూ ఎర్తే." రిటైరైనా ఆమెకు నేను కుట్టినే, అంటే చిన్నపిల్లనే.

కాఫీ తాగుతూ అసలు సంగతి బయటపెట్టింది. సేత్తూరులో తను పాఠాలు చెప్పిన స్కూలు పాత కట్టడాన్ని పడగొడతారట. అంతలోపల ఒకసారి చూడాలట. "రేపు పొద్దున పోదాము. నేనే నడుపుతా. తాళం ఇట్లియ్యి," అని చెయ్యి చాపింది.

"నువ్వా? దారిలో నిలిచిపోతే ఎవరు తోస్తారు?" అన్నాను.

అనగానే నా చెవులే ఉలిక్కిపడ్డాయి. గొంతు నాదే గాని మాట నాది కాదు. ఆ మాట మా తాతది. మా ఇంటి అరుగు మీద కూర్చుని, సరిగ్గా ఇదే మనిషితో, సరిగ్గా ఇలాగే ఒక కారు తాళం చెవి విషయంలో అన్నాడు. చిన్నత్త కూడా గుర్తుపట్టింది. గ్లాసు కింద పెట్టి నా ముఖంలోకి తేరిపార చూసి, "అడుగో, అయ్య వచ్చినాడు," అంది. "మీసం ఒకటే తక్కువ."

మా తాత కారు కొన్నది తిరగడానికి కాదు. మామిడి విరగకాసిన ఏడు, ఒక మిల్లు మేనేజరు బదిలీ అయి పోతూ అమ్ముతుంటే, వద్దనడం మర్యాద కాదని కొన్నాడు. అప్పటికే అది వయసు మళ్ళిన కారు. బూడిద రంగు, నాలుగు తలుపులు, వెనక బీరువాను పడుకోబెట్టగలిగినంత డిక్కీ. ఇంజను మంచిదే. తాత మాటల్లో చెప్పాలంటే, "ఒళ్ళు గట్టిది, బుర్రే లేదు." బుర్ర అంటే కరెంటు. దాని జబ్బులన్నీ కరెంటు జబ్బులే. డైనమో బాటరీకి అన్నం పెట్టీ పెట్టనట్టు పెట్టేది. ఎడమ ఇండికేటరు వేస్తే కుడివైపు దీపం సిగ్గుపడుతూ కన్ను కొట్టేది. హెడ్‌లైట్లు ఇంజను పరిగెడితే వెలిగేవి, నెమ్మదిస్తే కునికేవి. అంటే గుంతలు ఉన్నచోట, మెల్లగా పోవలసిన చోటే సరిగ్గా కనపడేది కాదు. ఇక సెల్ఫ్ మోటారు. తాళం తిప్పితే లోపల్నుంచి 'టిక్' అని ఒక్క మాట చెప్పి ఊరుకునేది, అలిగిన అల్లుడిలా. మా ఇంట్లో సెల్ఫ్ లేనిది ఆ కారు ఒక్కటే. మిగతా అందరికీ కావలసినంత ఉండేది.

ఈ జబ్బులకు వైద్యుడు మా నాయన. ఆయన సత్రపట్టిలో ఒక బ్యాండేజీ గుడ్డ నేసే మగ్గాల షెడ్డులో సూపర్‌వైజరు. అందువల్ల మా ఇంట్లో లేని వస్తువు ఏదైనా ఉండొచ్చు గాని, బ్యాండేజీ గుడ్డ లేని మూల ఉండేది కాదు. కాఫీ వడకట్టేది దానితోనే, చింతపులుసు పిండేది దానితోనే. ఊరగాయ జాడీ మూతికి అదే, దోమతెర అదే, అట్లకాడ పిడికి అదే. మా వీధి తెల్ల కుక్క చెవిని ఇంకో కుక్క కొరికితే తలంతా చుట్టి పంపించాడు నాయన; కొన్నాళ్ళు అది యుద్ధం నుంచి తిరిగొచ్చిన సిపాయిలా నడిచింది. ఇల్లంతా గంజి, బ్లీచింగు పౌడరు కలిసిన ఒక శుభ్రమైన వాసన. ఇప్పటికీ ఏ ఆస్పత్రిలో అడుగుపెట్టినా నాకు భయం వేయదు, ఆకలి వేస్తుంది. మా అమ్మ వంటింటి వాసన అది.

కారులో వైరు తొక్క లేచినా, అతుకు ఊడినా నాయన కట్టు కట్టేవాడు. నల్ల టేపు కొనమని అమ్మ అంటే, "ఇంట్లో బావి పెట్టుకుని వీధిలో నీళ్ళు కొంటారా?" అనేవాడు. ఓపిగ్గా, వరస తప్పకుండా, నర్సులు కూడా కళ్ళకద్దుకునేంత నాజూకుగా చుట్టి, చివర రెండుగా చీల్చి ముడి వేసేవాడు. బానెట్ ఎత్తితే ఇంజను కనపడేది కాదు, ప్రమాదంలో దెబ్బలు తగిలిన కుటుంబం కనపడేది. రక్తాన్ని పీల్చడానికి నేసిన గుడ్డ వానను పీల్చదా అన్న అనుమానం మాలో ఎవరికీ రాలేదు. అందరికంటే ముందు రావలసింది నాయనకు. ఆ గుడ్డ ముక్కను నీళ్ళ గిన్నెలో వేసి, ఎంత తొందరగా పీల్చుకుని మునుగుతుందో చూసి, మునిగితేనే మంచి సరుకని ముద్ర వేసి పంపడమే ఆయన ఉద్యోగం. షెడ్డులో తెలిసిన సంగతి ఇంటి గడప దగ్గర చెప్పులతో పాటు విడిచి వచ్చేవాడు.

ఎండాకాలం ఏ ఇబ్బందీ లేదు. పడమటి కొండల మీంచి వానగాలి తిరిగిందంటే మాత్రం కట్లన్నీ తడిసి, కారులో ఒకరి పని ఒకరు చేసేవాళ్ళు. వైపరు వేస్తే హారన్ కుయ్యిమనేది. బ్రేకు తొక్కితే లోపలి దీపం వెలిగేది. అవ్వ మాత్రం దీన్ని కారు ముసలితనానికే జమకట్టింది. "నాకూ అంతే కద, లేవాలంటే దగ్గు వస్తుంది," అనేది. కారు మీద అవ్వకు వల్లమాలిన జాలి. వానాకాలం బాటరీని ఊడదీసి తెచ్చి పొయ్యికి కొంచెం ఎడంగా, వెచ్చగా పెట్టించేది, అప్పుడే పుట్టిన మేకపిల్లను పెట్టినట్టు. బాటరీలో పోసే నీళ్ళ సీసా, రామేశ్వరం తీర్థం సీసా ఒకే గూట్లో ఉండేవి. ఒకసారి అవ్వ తీర్థమే తెచ్చి బాటరీలో పోసింది. పొరపాటున కాదు, తెలిసే పోసింది. "ఇన్నాళ్ళు మామూలు నీళ్ళు పోసినారు, ఏం బాగుపడింది?" అని అడిగింది. ఆ బాటరీ తర్వాత ఎన్నాళ్ళో బతకలేదు, పుణ్యలోకాలకు మాత్రం పోయి ఉంటుంది.

సెల్ఫ్ లేని బండికి దేవుడు ఇచ్చినది పల్లం. మా ఇంటి ముందు నాయన మట్టీ రాళ్ళూ పోయించి ఒక మిట్ట కట్టించాడు. కారు వచ్చేటప్పుడు ఇంజను నడుస్తుండగానే దానిమీదికి ఎక్కించి, చక్రం కింద రాయి పెట్టేవాళ్ళం. మళ్ళీ బయలుదేరేటప్పుడు రాయి తీస్తే బండి వీధిలోకి జారేది. జారే ఊపులో గేరు వేసి క్లచ్ వదిలితే గుర్రుమని లేచేది. అందువల్ల మా చుట్టరికాలు కూడా మిట్టపల్లాలను బట్టి నడిచాయి. చోళపురంలో అమ్మ తరఫు దూరపు బంధువుల ఇల్లు కాస్త ఎత్తులో ఉండేది. వాళ్ళింట్లో పిల్లకు చెవులు కుట్టినా మేము హాజరు. నాయనకు సొంత మేనమామ ఇల్లు చదును నేలలో ఉండేది. ఆయన్ను చూడాలంటే బస్సులోనే పోయాము, అదీ అరుదుగా. ఆయన పోయేదాకా, మేమేదో మనసులో పెట్టుకున్నామనే అనుకున్నాడు పాపం.

పల్లం లేనిచోట మనుషులు. తోయడానికి మా వైపు తెలుగులో ఉన్న అసలు మాటను ఆంధ్రదేశంలో అచ్చు వేయరని పెద్దయ్యాక తెలిసింది. అందుకని తోయడం అనే రాస్తున్నాను, మీరు చదువుకునేటప్పుడు సరిచేసుకోండి. రాజపాళయంలో మా కారును తోయని చెయ్యి ఉండేది కాదు. బజారులో అది నిలబడి కనిపిస్తే చాలు, పంచెలు ఎగగట్టుకుని వచ్చి వెనక చేతులు ఆనించేవాళ్ళు. ఒక్కోసారి నాయన వక్కాకు కొనుక్కోవడానికి ఆగి ఉండేవాడు, అయినా తోసేవాళ్ళు. మనిషిని చూస్తే దండం పెట్టడం, ఆ కారును చూస్తే తోయడం. అంత మర్యాద గల ఊరు.

ఆ రోజుల్లో చిన్నత్త సేత్తూరు స్కూల్లో టీచరు. బస్సులో పోయేది. ఆ బస్సు ఊరంతా పలకరించుకుంటూ పోయేసరికి ప్రార్థన అయిపోయేది. ప్రార్థన అయినాక వచ్చే టీచరు మాకు అక్కరలేదని, ఇంకోసారి ఆలస్యమైతే ఇంట్లోనే ఉండిపొమ్మని పెద్ద టీచరమ్మ చెప్పేసింది. ఆ సాయంత్రం చిన్నత్త అరుగు దగ్గరికి వచ్చి నిలబడడం నాకు బాగా గుర్తు. తాత వక్క కత్తిరిస్తున్నాడు. నేను ఆయన పక్కన, కత్తెరలోంచి జారే పలుకుల కోసం.

"అయ్యా, బండి ఇంటి ముందర సుమ్మా, ఊరికే ఉంది. నేను బస్సులో ఒంటికాలి మీద పోతావుండా. ఇదేం న్యాయం?"

"ఒంటికాలి మీద ఎందుకు? మానెయ్యి. ఇంట్లో అన్నానికి తక్కువా?"

"అన్నానికి కాదు అయ్యా నేను పోయేది."

"మరి దేనికి?"

"నేను పోతే ఆడ నలభై మంది లేచి నిలుచుకుంటారు. ఈడ నేను లేచి నిలుచుకోవాల."

తాత చేతిలో కత్తెర ఆగింది. ఇంట్లో ఆయన రాగానే లేచి నిలబడనిది అవ్వ ఒక్కతే, అదీ మోకాళ్ళ వల్ల. చాలాసేపు మీసం మెలిపెట్టి, "దారిలో నిలిచిపోతే ఎవరు తోస్తారు?" అన్నాడు. "నా కూతురి బండిని ఊరంతా కూడి తోసినారు అంటే నాకు మర్యాదా? సరి. ఒకనాడు పో. ఈ గడప దాటిందాన్నుంచి మళ్ళీ ఈ గడపకు వచ్చేదాకా, తోసేదానికని బండి మీద ఒక్క చెయ్యి పడకూడదు. పడలేదంటే తాళం నీది. పడిందంటే నీ ఉద్యోగానికి ఒక దండం."

లోపల నాయన దగ్గు వినిపించింది. దగ్గక ఏం చేస్తాడు? ఆ పరీక్షలో పాసైన మగవాడు మా ఇంట్లో అప్పటిదాకా లేడు.

సాక్షిగా నన్ను పంపాలని తాతే తేల్చాడు. "కుట్టికి అబద్ధం చెప్పే అంత తెలివి లేదు," అన్నాడు. ఆయన నోట నాకు దక్కిన సర్టిఫికెట్ అదొక్కటే, దాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. మామిడితోపు దారిలో నాయన చిన్నత్తకు డ్రైవింగు నేర్పాడు. నేర్పింది ఒకటే పాఠం: ఆపకు. ఏం జరిగినా ఇంజను ఆపకు. దారి తప్పినా ఫరవాలేదు, ఇంజను తప్పకూడదు. "ఆపేది ఎట్లా అన్నా?" అని చిన్నత్త అడిగితే, "అది బండికే తెలుసు," అన్నాడు.

అనుకున్న రోజు పొద్దున నాయన ఒక మంచిపని చేశాడు. చెల్లెలు పరీక్షకు పోతోందని, చీకటి విడవకముందే లేచి కారులో పాత కట్లన్నీ విప్పి కొత్త గుడ్డ చుట్టాడు, పండక్కి కొత్త బట్టలు కట్టినట్టు. స్టీరింగు కిందుగా పోయే హారన్ వైరుకు అయితే రెండు చుట్లు ఎక్కువే వేశాడు. చక్రం కింద రాయి తీశాము. బండి జారింది, లేచింది, పోయింది. సేత్తూరు స్కూలు వెనక బావి తవ్విన మట్టిదిబ్బ ఉందని చిన్నత్త ముందే చూసిపెట్టుకుంది. కారును దానిమీద ఎక్కించి, ప్రార్థన గంట కొట్టకముందే కొంగు సర్దుకుంటూ స్కూల్లోకి నడిచింది. పెద్ద టీచరమ్మ కారునూ చిన్నత్తనూ మార్చి మార్చి చూసి, చివరికి తన గడియారాన్ని చూసుకుంది. సాయంత్రం దిబ్బ దిగుతూ ఇంజను మళ్ళీ బుద్ధిగా లేచింది. చిన్నత్త నాకు పాలకోవా పొట్లం ఇచ్చి, "సాక్షికి లంచం కాదే, ఆకలికి," అంది. సగం దారి గడిచింది. అప్పుడు కొండల మీంచి వాన దిగింది.

ముందు వైపరు మొండికేసింది. తర్వాత డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం మిణుకు మిణుకుమంది. తర్వాత హారన్ మొదలైంది. ఎవరూ నొక్కలేదు. కొత్త గుడ్డ కద, మంచి సరుకు కద, ముద్ర వేసి పంపే సరుకు. కారిన వాననంతా ఒక్క గుక్కలో పీల్చేసింది. బూఁ అని పట్టిన పట్టు విడవకుండా, ఊపిరి తీసుకోకుండా మోగడం మొదలుపెట్టింది. చిన్నత్త స్టీరింగును కొట్టింది, బతిమాలింది, దాని మీద ఉన్న గుండ్రటి మూతను లాగిచూసింది. వైరు పీకితే హారన్ నోరు మూసుకుంటుంది, కాని ఏ కట్టు కింద ఏ వైరో నాయనకే తెలుసు; తప్పు వైరు పీకితే ఇంజనే ఆగుతుంది. చుట్టూ చదును నేల. ఆపితే ఎవరో ఒకరి చెయ్యి పడాల్సిందే. "మోగనీ," అంది పళ్ళు బిగించి. "చెవుల్లో గుడ్డ పెట్టుకో. గుడ్డకు కొదవా మనకు?"

ఊరి బయట రైల్వే గేటు పడి ఉంది. నడుస్తున్న ఇంజనుతో, మోగుతున్న హారన్‌తో గేటు ముందు నిలబడ్డాము. బళ్ళు, సైకిళ్ళు, తలమీద గోనెసంచులు కప్పుకున్న జనం, అందరూ మావైపే చూస్తున్నారు. ఒక ఎద్దుబండి ఆయన దగ్గరికి వచ్చి వంగి అరిచాడు.

"ఏమ్మా, నువ్వు మోగిస్తే రైలు సీక్రం వస్తుందా?"

"నేను మోగించలేదన్నా! అదే మోగుతుంది!"

"ఆపెయ్యి మరి!"

"ఆపితే మళ్ళీ లెయ్యదు!"

"మా ఇంటాయన కూడా అంతే," అంది పక్కనున్న ఆకుకూరల ఆమె, బుట్ట దించకుండానే.

అప్పటిదాకా బాగానే ఉంది. ఇంతలో వెనక ఎవరో మా కారును గుర్తుపట్టారు. "ఒరే, బ్యాండేజీ ఆయన బండిరా ఇది! పాపం, తోసేదానికి పిలుస్తావుంది!" అనడం, పంచెలు పైకి పోవడం, నలుగురు వెనక్కి చేరడం ఒక్కసారే జరిగాయి. చిన్నత్త అద్దంలో చూసింది. "కుట్టీ, దిగు! చెయ్యి వెయ్యనీవద్దు!" అని అరిచింది.

నేను చిన్నత్త గొడుగు తీసుకుని వానలోకి దూకాను. "తాకవద్దు, తాకవద్దు" అంటూ, కాకులను తోలినట్టు గొడుగు తిప్పుతూ డిక్కీ చుట్టూ తిరిగాను. హారన్ మోతలో నా గొంతు నాకే వినపడలేదు. "సుమ్మా ఉండు పాపా, మాకు అలవాటే," అని వాళ్ళు నన్ను ఓదార్చారు. ముగ్గురు గొడుగుకు భయపడి ఆగారు. నాలుగో ఆయన బలమైన మనిషి, పరోపకారి, ఎంతకీ వినలేదు. డిక్కీ మీద అరచేతులు రెండూ ఆనించి, కాళ్ళు వెనక్కి తన్నిపెట్టి, ఊపిరి బిగించాడు. సరిగ్గా అప్పుడే గేటు లేచింది. చిన్నత్త క్లచ్ వదిలింది. కారు ముందుకు దూకింది. ఆనుకోవడానికి కారు లేక ఆయన బురదలో నిలువునా బోర్లాపడ్డాడు.

కారు ఆగలేదు. నేను దిగి ఉన్నానన్న సంగతి చిన్నత్తకు తెలుసు, అయినా ఆగలేదు. తలుపు తెరిచిపెట్టి, మెల్లగా పోతూ, "ఆపితే పోతుందే! పరిగెత్తి ఎక్కు!" అని కేకవేసింది. పట్టాలు దాటి, పావడా ఎత్తిపట్టుకుని పరిగెత్తి, గొడుగు ముందు విసిరి, వెనక నేను పడ్డాను. జీవితంలో నేను చేసిన ఒకే ఒక సాహసం అది. తర్వాత ఇంక అవసరం రాకుండా బ్యాంకులో చేరిపోయాను.

ఊళ్ళోకి వచ్చేసరికి మా ముందు దారి దానంతట అదే చీలిపోయింది. పెళ్ళివాళ్ళు, టీకొట్టు బెంచీలు, చెవి మానిన తెల్ల కుక్క, అందరూ పక్కకు తప్పుకున్నారు. చిన్నత్త ఎవరివైపూ చూడలేదు. తల వంచుకునీ లేదు. మా ఇంటి మిట్ట మీదికి కారును ఎక్కించి ఇంజను ఆపింది. హారన్ ఆగలేదు. తాత అరుగు మీద లేచి నిలబడి ఉన్నాడు. పెదవులు కదులుతున్నాయి, ఏదో పెద్ద మాటే అంటున్నాడు, ఒక్క ముక్కా వినపడడం లేదు. అన్నేళ్ళలో ఆయన మాటను అంతసేపు వినకుండా ఉండగలిగింది మేము ఆ రోజే. నాయన పరిగెత్తుకొచ్చి వైరు పీకాడు. చేతిలో తడిగుడ్డ నీళ్ళు కారుతోంది. దాన్ని పిండి చూసి, తన సరుకు నాణ్యం చూసుకున్నాడు.

హారన్ ఆగగానే తాత నావైపు తిరిగాడు. "చెయ్యి పడిందా?"

చిన్నత్త నావైపు చూడలేదు. కారు పక్కన, తడిసిన చీరతో, నేలకేసి చూస్తూ నిలబడింది.

"పడింది తాతా," అన్నాను. నాకు సర్టిఫికెట్ ఊరికే రాలేదు కద.

చిన్నత్త కళ్ళు మూసుకుంది.

"ఎవరు తోసినారు?"

"ఎవరూ తొయ్యలేదు తాతా. ఒకాయన తోసేదానికి చెయ్యి పెట్టినాడు. అత్త బండి తీసేసింది. ఆయన బురదలో పడినాడు."

"అంటే, ఆయన బండిని తొయ్యలేదు."

"లేదు తాతా. బండే ఆయన్ను తోసేసింది."

మీసం కింద ఏదో కదిలింది. దాన్ని దాచుకోవడానికి అరుగు మీద కూర్చుని వక్కాకు సంచి వెతుక్కున్నాడు. అందరమూ నిలబడే ఉన్నాము. చివరికి చిన్నత్తే అడిగింది. "తాళం, అయ్యా?"

"నా దగ్గర యాడుంది?" అన్నాడు తాత, వక్క మీంచి కళ్ళెత్తకుండా. "నీ చేతిలోనే ఉండాదే."

చిన్నత్త గుప్పిట విప్పింది. తాళం చెవి అచ్చు అరచేతిలో ఎర్రగా పడి ఉంది.

మరునాడే చిన్నత్త కారులో కట్లన్నీ విప్పేసి నల్ల టేపు చుట్టించింది. నాయన దూరంగా నిలబడి చూశాడు. తన చేతిపనిని కుప్పగా పోస్తుంటే బాధే. కాని మా నాయన ఏ బాధనైనా ఒక మాటతో చుట్టేసి ముడి వెయ్యగలడు. "కట్టు విప్పినారంటే గాయం మానినట్టే కద," అన్నాడు. ఆ తర్వాత ఆ కారును చిన్నత్తే నడిపింది, అది ఇక చాలని తనంతట తాను చెప్పేదాకా. నేను డ్రైవింగు నేర్చుకున్నదీ దానిమీదే. అందుకే ఇప్పటికీ సిగ్నలు దగ్గర కారు ఆపాలంటే నా గుండె ఆగుతుంది.

ఇప్పటి కార్ల జబ్బులకు మర్యాద ఎక్కువ. ఏదీ అరవదు. ఒక పసుపు బొమ్మ వెలిగించి, తప్పంతా మనదే అన్నట్టు ఊరుకుంటుంది. అప్పుడు కారు ఆగితే ఊరంతా వచ్చేది, వద్దన్నా వినేది కాదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఒక రికార్డు గొంతు, మీ కాలు మాకు ముఖ్యం అంటుంది. నా కాలి సంగతి వాళ్ళకెవరు చెప్పారో అని మోకాలు నిమురుకుంటూ వినడమే. మా వీధిలో ఇప్పుడు ఇంటికో కారు ఉంది, మిట్ట ఒక్కటీ లేదు. సిమెంటు రోడ్డు వేసినప్పుడు మా మిట్టను చదును చేసేశారు. నేనే సంతకం పెట్టాను.

చిన్నత్త వచ్చిన మరునాడు పొద్దున నా కారు లేవలేదు. రాత్రంతా ఆ తాళాలు పడుతూ లేస్తూ, దిగుదామా వద్దా అని ఆలోచిస్తూ, బాటరీని తాగేసినట్టున్నాయి. చిన్నత్త మంచి నూలు చీర కట్టుకుని, తల దువ్వుకుని, చేతిసంచితో వాకిట్లో నిలబడి ఉంది. కారు పక్కకు వచ్చి, నేలకేసి చూస్తూ నిలబడింది. ఆ నిలబడడం నాకు తెలుసు. తాళం చెవి తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

"నిలిచిపోతే?" అంది.

"నిలిచిపోయే ఉంది కద. నేనే తోస్తా."

ఎదురింటి కోడలు ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని వాకిట్లోకి వచ్చి మమ్మల్ని చూసింది. "మీటింగులో ఉండాను ఆంటీ, మ్యూట్ చేసినాను, తోయండి," అని వచ్చి నా పక్కన చేతులు ఆనించింది. ఇద్దరమూ తోశాము. నా మోకాళ్ళు నేను వినని పాటలు పాడాయి. వీధి సగం దాటాక కారు ఒక కుదుపు కుదిపి, దగ్గి, లేచింది. పైకి రాని అద్దంలోంచి చిన్నత్త చెయ్యి బయటికి వచ్చింది.

"ఆపితే పోతుందే కుట్టీ! పరిగెత్తి ఎక్కు!"

పరిగెత్తాను. అంటే, పరిగెత్తాలని గట్టిగా అనుకున్నాను. ఒక చెప్పు జారింది, దానికోసం వంగేసరికి కారు మలుపు దగ్గరికి పోయింది. చిన్నత్త ఆగలేదు. ఆమెకు ఆపడం ఎవరూ నేర్పలేదు కద.

ఎదురింటి కోడలు ఆయాసపడుతూ, ఖాళీ వీధి వైపు చూస్తూ అడిగింది. "ఆంటీ, ఆ అవ్వకు లైసెన్సు ఉండాదా?"

"ఉండాది," అన్నాను. "మా తాత ఇచ్చినాడు."

మలుపు అవతల హారన్ మోగింది. బూఁ అని, పట్టిన పట్టు విడవకుండా, సేత్తూరు దారి పొడుగునా. ఈసారి అందులో వైరింగు తప్పేమీ లేదు.